కుక్క గోళ్లు ఇంట్లోనే తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కుక్కకు స్నానం చేయించడం, దువ్వడం, వేళకు టీకాలు వేయించడం చాలామంది ఇంట్లో సులువుగానే అలవాటు చేసుకుంటారు. గోళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేయి వెనక్కి పోతుంది. రక్తం వస్తుందేమో, కుక్క కరుస్తుందేమో, అసలు తీయాలో వద్దో అన్న సందేహాలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి కనుక వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. గోళ్లను ఒకేసారి పొట్టిగా తీసేయాలన్న పట్టుదల వల్లే చాలా ఇళ్లలో ఈ పని గొడవగా మారుతుంది. కొద్దికొద్దిగా, తరచుగా తీయడమే మేము సరైనదని నమ్మే పద్ధతి. ఏ సమాధానానికి ఆ సమాధానం విడిగా చదువుకునేలా రాశాం కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మా కుక్క రోజూ బయట తిరుగుతుంది కదా, గోళ్లు వాటంతట అవే అరిగిపోవా?

కొంతవరకు అరుగుతాయి. సిమెంటు రోడ్డు మీద, తారు రోడ్డు మీద రోజూ చాలాసేపు నడిచే కుక్కకు, వీధిలో స్వేచ్ఛగా తిరిగే నాటు కుక్కకు పాదం మధ్యలోని గోళ్లు చాలావరకు నేలకు రాసుకుని అరుగుతుంటాయి. అయితే అపార్ట్‌మెంట్‌లో నున్నటి టైల్స్ మీద, గ్రానైట్ మీద రోజంతా గడిపి, పొద్దున్నా సాయంత్రం కాసేపు మాత్రమే కిందికి దిగే కుక్కకు ఆ అరుగుదల సరిపోదు. తోటలోని మెత్తటి మట్టి కూడా గోరును పెద్దగా అరగదీయదు. ఎంత తిరిగే కుక్కకైనా ముందుకాళ్ల లోపలివైపు కాస్త పైన ఉండే గోరు నడకలో నేలకు తగలదు కాబట్టి దానిని చేత్తో తీయాల్సిందే.

గోళ్లు పెరిగాయని ఎలా తెలుస్తుంది?

కుక్క చదునైన నేల మీద మామూలుగా నిలబడి ఉన్నప్పుడు పక్కనుంచి చూడండి. గోటి కొన నేలకు తగులుతూ ఉంటే పెరిగినట్టే. టైల్స్ మీద నడుస్తుంటే టకటకమని చప్పుడు వినిపించడం రెండో గుర్తు. దుప్పట్లకు, కార్పెట్‌కు గోరు చిక్కుకోవడం, మీ మీదికి ఎగిరినప్పుడు చర్మం మీద గీతలు పడడం కూడా అదే చెబుతాయి. గోరు పక్కకు ఒరిగినా, వేలు మెలి తిరిగినట్టు కనిపించినా ఇప్పటికే ఆలస్యమైందని అర్థం.

తీయకుండా వదిలేస్తే నిజంగా నష్టం ఉందా?

ఉంది. పొడవైన గోరు అడుగు వేసినప్పుడల్లా నేలకు తగిలి వేలిని వెనక్కి నెడుతుంది. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి కుక్క బరువును పాదం వెనుక భాగం మీదికి మార్చుకుంటుంది, దాంతో నిలబడే తీరు, నడిచే తీరు క్రమంగా మారిపోయి కీళ్ల మీద భారం పడుతుంది. నున్నటి నేల మీద పాదం కింది మెత్తలు సరిగా ఆనక జారిపడడం ఎక్కువవుతుంది. కీళ్ల నొప్పులున్న పెద్ద వయసు కుక్కకు, తుంటి కీలు బలహీనంగా ఉన్న లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి వాటికి ఈ జారడమే పెద్ద ప్రమాదం. పొడవైన గోరు ఎక్కడైనా చిక్కుకుని మొదలుకంటా చీలిపోతే ఆ నొప్పి చాలా తీవ్రంగా ఉంటుంది.

ఎన్ని రోజులకోసారి తీయాలి?

ఎక్కువ కుక్కలకు మూడు నాలుగు వారాలకోసారి సరిపోతుంది. ఇంట్లోనే ఉండే చిన్న జాతి కుక్కలకు, వయసు మళ్లిన వాటికి రెండు వారాలకోసారి అవసరం రావచ్చు. తేదీని కాకుండా గోరును చూసి నిర్ణయించుకోవడం మంచిది. అయినా వారానికోసారి పాదాలు పట్టుకుని చూసే అలవాటు మాత్రం మానకండి. వేళ్ల మధ్య దాక్కునే గోమార్లు, అంటే పిడుదులు, గుచ్చుకున్న ముల్లు, పగిలిన మెత్త, ఇవన్నీ ఆ చూపులోనే బయటపడతాయి.

మొత్తం ఎన్ని గోళ్లు ఉంటాయి? పైన విడిగా ఉన్న గోరును కూడా తీయాలా?

సాధారణంగా ముందుకాళ్లకు ఐదేసి, వెనుకకాళ్లకు నాలుగేసి, మొత్తం 18 గోళ్లుంటాయి. ముందుకాలి లోపలివైపు పైన విడిగా కనిపించేదాన్ని డ్యూక్లా అంటారు. కొన్ని కుక్కలకు వెనుకకాళ్లకూ ఇది ఉంటుంది, సెయింట్ బెర్నార్డ్ వంటి కొన్ని జాతుల్లో వెనుకకాలికి జంటగా కూడా కనిపిస్తుంది. దీన్ని తప్పకుండా తీయాలి. నేలకు తగలకపోవడం వల్ల ఇది గుండ్రంగా వంపు తిరుగుతూ పెరిగి, చివరికి తిరిగొచ్చి తన పక్కనున్న మెత్తలోకే గుచ్చుకుంటుంది. బొచ్చు ఎక్కువున్న కుక్కలో ఇది వెంట్రుకల కింద దాగి ఉండి, పుండు పడి వాసన వచ్చేదాకా ఎవరి కంటా పడదు. అందుకే పని మొదలుపెట్టేటప్పుడు ముందుగా ఈ గోరునే వెతికి తీయమని మా సలహా.

గోటిలో రక్తం ఎక్కడిదాకా ఉంటుంది?

గోటి బయటి పొర కెరటిన్ అనే గట్టి పదార్థంతో తయారైనది, దాన్ని కోసినా నొప్పి ఉండదు. లోపల మొదలు నుంచి కొంత దూరం దాకా రక్తనాళం, నరం ఉన్న సున్నితమైన భాగం ఉంటుంది. పశువైద్యులు, కుక్కల బొచ్చు, గోళ్లు తీసే గ్రూమర్లు దీన్ని క్విక్ అంటారు. కత్తెర దీనికి తగిలితే రక్తం వస్తుంది, నొప్పి పుడుతుంది. తెల్ల గోటిలో ఇది గులాబీ రంగులో బయటికే కనిపిస్తుంది, నల్ల గోటిలో కనిపించదు. గోరు తీయకుండా వదిలేసిన కొద్దీ క్విక్ కూడా గోటితోపాటు పొడవుగా సాగుతుంది.

మంగళవారం, శుక్రవారం తీయవచ్చా? రాత్రి పూట తీయకూడదంటారు, నిజమేనా?

మన ఇళ్లలో మనుషుల గోళ్ల విషయంలో పాటించే వారాలు కుక్కకు వర్తింపజేయాలా వద్దా అన్నది మీ ఇంటి పద్ధతిని బట్టి మీరే నిర్ణయించుకోవలసింది, కుక్క ఆరోగ్యానికి ఏ వారమైనా ఒకటే. రాత్రి పూట వద్దనడానికి మాత్రం గట్టి కారణమే ఉంది: వెలుతురు చాలకపోతే క్విక్ ఎక్కడ ఉందో తెలియదు. పగటి వెలుతురులో కిటికీ పక్కనో, వరండాలోనో కూర్చుని తీయండి.

## పనిముట్లు

మనుషులు వాడే నెయిల్ కట్టర్ పనికొస్తుందా?

కొన్ని వారాల వయసున్న కుక్కపిల్లల సన్నటి గోటి కొనకు పనికొస్తుంది. పెరిగిన కుక్క గోరు మందంగా, గుండ్రంగా ఉంటుంది, మన గోటిలా చదునుగా ఉండదు. మన కట్టర్ దాన్ని రెండు వైపులనుంచి నొక్కి నలిపేస్తుంది, గోరు నిలువునా చీలిపోయే అవకాశం ఉంటుంది. ఒకసారి అలా నొప్పి కలిగితే తర్వాత ఏ పనిముట్టును చూసినా కుక్క పారిపోతుంది. కుక్కల కోసమే చేసిన క్లిప్పర్ కొనడం తప్పనిసరి ఖర్చుగానే భావించండి.

ఏ రకం క్లిప్పర్ కొనాలి?

ప్రధానంగా రెండు రకాలు దొరుకుతాయి. గిలటిన్ రకంలో చిన్న రంధ్రంలోకి గోటి కొనను దూర్చి పిడి నొక్కితే బ్లేడు జరిగి కోస్తుంది, చిన్న, మధ్యస్థ కుక్కలకు ఇది చాలు. కత్తెర లేదా పటకారు ఆకారంలో ఉండే రకం మందమైన గోళ్లున్న పెద్ద కుక్కలకు బాగుంటుంది. ఇది చేతిలో స్థిరంగా నిలుస్తుంది, ఎక్కడ కోస్తున్నామో స్పష్టంగా కనిపిస్తుంది, వంపు తిరిగిన డ్యూక్లాకు కూడా సులువుగా పడుతుంది. ఒకటే కొనదలచుకుంటే మేము రెండో రకాన్నే సూచిస్తాం. రకం కంటే పదును ముఖ్యం. మొద్దుబారిన బ్లేడు గోరును కోయదు, నలుపుతుంది. కొన్ని క్లిప్పర్లకు ఎక్కువ కోయకుండా ఆపే చిన్న అడ్డుపలక ఉంటుంది, కానీ అది మీ కుక్క క్విక్ ఎంతవరకు ఉందో ఎరగదు కాబట్టి దాన్ని నమ్ముకుని కళ్లు తిప్పుకోకండి.

బ్యాటరీతో తిరిగే గ్రైండర్ క్లిప్పర్ కంటే మంచిదా?

నల్ల గోళ్లకు, క్లిప్పర్ నొక్కుడుకు భయపడే కుక్కకు మంచిది. కొద్దికొద్దిగా అరగదీస్తుంది కాబట్టి క్విక్ దాకా పోయే ప్రమాదం తక్కువ, అంచులు కూడా నునుపుగా వస్తాయి. దాని చప్పుడు, అదురు మాత్రం కుక్కకు ముందుగా అలవాటు చేయాలి. ఒకేచోట ఆనించి ఉంచితే గోరు వేడెక్కి మండుతుంది, అందుకే రెండు మూడు సెకన్లు తాకించి తీసేయడం, మళ్లీ తాకించడం చేయాలి. పాదం మీది పొడవైన వెంట్రుకలు తిరిగే భాగానికి చుట్టుకోకుండా వెనక్కి పట్టుకోండి, మీ జుట్టు కూడా ముడి వేసుకోండి. దుమ్ము ముక్కులోకి పోకుండా మాస్కు పెట్టుకోవడం మంచిది.

పని మొదలుపెట్టేటప్పుడు దగ్గర ఏమేం ఉంచుకోవాలి?

పదునైన క్లిప్పర్, చిన్న ఆకురాయి, చిన్న ముక్కలుగా చేసిన తినుబండారం, శుభ్రమైన పాత గుడ్డ, రక్తం ఆపే స్టిప్టిక్ పొడి. పొడి దొరక్కపోతే ఒక గిన్నెలో రెండు చెంచాల కార్న్ ఫ్లోర్. రక్తం వచ్చాక వంటింట్లోకి పరుగెత్తడం కంటే మూత తీసి పక్కన పెట్టుకోవడం ఎంతో మేలు. జారే నేల మీద చాపో, యోగా మ్యాటో పరిస్తే కుక్క కుదురుగా నిలబడుతుంది.

## కుక్కకు అలవాటు చేయడం

పిల్లకు ఎన్ని వారాల వయసు నుంచి మొదలుపెట్టవచ్చు?

తల్లి పాలు తాగుతున్నప్పుడే మొదలుపెట్టవచ్చు. రెండు మూడు వారాల వయసుకే పిల్లల గోళ్లు సూదిగా తయారై, పాలు తాగేటప్పుడు తల్లి పొదుగును రక్కుతాయి. ఆ కొనను మాత్రం వారానికోసారి తీస్తే తల్లికి కూడా ఉపశమనం. మీరు ఎనిమిది వారాల పిల్లను ఇంటికి తెచ్చుకుంటే మొదటి రోజు నుంచే ఒళ్లో కూర్చోబెట్టుకుని పాదాలు నిమరడం, వేళ్లు విడదీసి చూడడం మొదలుపెట్టండి. కోయడానికి ఏమీ లేకపోయినా క్లిప్పర్‌ను గోటికి తాకించి తినుబండారం పెట్టండి.

కాలు పట్టుకోగానే లాక్కుంటుంది. పెద్దదైపోయింది, ఇక అలవాటు కాదా?

అవుతుంది, కాకపోతే సమయం పడుతుంది. ఈ పనికి మెట్లు ఉన్నాయి, ఒక మెట్టు దగ్గర కుక్క నెమ్మదిగా ఉన్నాకే రెండోదానికి వెళ్లాలి. మొదట భుజం మీద చేయి వేసి కిందికి జరుపుతూ పాదం తాకి వెంటనే ఒక ముక్క పెట్టండి. కొన్ని రోజులకు పాదాన్ని చేతిలోకి తీసుకుని వదలండి, తర్వాత వేలిని సున్నితంగా నొక్కండి. ఈలోగా క్లిప్పర్‌ను కుక్క ముందే ఉంచి దాన్ని వాసన చూడనివ్వండి.

క్లిప్పర్ చప్పుడుకు బెదిరే కుక్కలు చాలానే ఉన్నాయి. కొబ్బరి చీపురులోంచి ఒక ఈనె తీసి, కుక్కకు కొంచెం దూరంలో కూర్చుని దాన్ని క్లిప్పర్‌తో టక్కున కోసి, అదే క్షణంలో ఒక చికెన్ ముక్క వేయండి. చప్పుడు వినగానే కుక్క బెదరకుండా మీ చేతివైపు ఆశగా చూస్తుందంటే పని సగం అయినట్టే. ఆ రోజు నుంచి దగ్గరగా కూర్చుని కోయండి, ఆ తర్వాత ఒక చేత్తో పాదం పట్టుకుని మరో చేత్తో ఈనె కోయండి. మొదటిసారి నిజంగా గోరు కోసినరోజున ఒక్క గోటితోనే ఆపేయండి. ఇదంతా పూర్తవడానికి కొన్ని వారాలు పట్టినా తొందరపడవద్దు.

ఏం పెట్టి మంచి చేసుకోవాలి?

ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, ఉడికిన గుడ్డు, చిన్న పనీర్ ముక్కలు బాగా పనిచేస్తాయి. వేరుశనగ వెన్న ఒక పళ్లెం మీద రాసి పెడితే అది నాకుతున్నంతసేపూ మీ పని సాగుతుంది, అయితే అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం లేదని డబ్బా మీద చూసుకోండి, అది కుక్కలకు విషం. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ వేసిన వంటకం ఏదీ పెట్టకూడదు. మామూలుగా రోజూ దొరికేదాన్ని కాకుండా గోళ్లు తీసినప్పుడు మాత్రమే దొరికేదాన్ని కేటాయిస్తే ఫలితం బాగుంటుంది.

అది భయపడుతోందని ముందుగానే ఎలా గుర్తుపట్టాలి?

గుర్రుమనడం చాలా చివరి హెచ్చరిక. అంతకు ముందే కుక్క మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, తల పక్కకు తిప్పుకుంటుంది, చెవులు వెనక్కి వాలుస్తుంది, కంటి తెల్లభాగం కనిపించేలా ఓరగా చూస్తుంది. ఒళ్లంతా బిగుసుకుని కదలకుండా ఉండిపోవడాన్ని చాలామంది బుద్ధిగా ఉందని పొరబడతారు, నిజానికి అది తీవ్రమైన భయం. ఈ గుర్తుల్లో ఏది కనిపించినా పాదం వదిలి కాసేపు ఆగండి. గుర్రుమన్నందుకు ఎప్పుడూ కొట్టవద్దు, కొడితే ఆ హెచ్చరిక మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది.

## కత్తిరించేటప్పుడు

కుక్కను ఎలా పట్టుకోవాలి?

చిన్న కుక్కను ఒళ్లో మీ వైపు వీపు ఉండేలా కూర్చోబెట్టుకోండి. పెద్ద కుక్క పక్కకు పడుకుని ఉంటే మేలు, నిలబడే ఉంటానంటే పాదాన్ని వెనక్కి మడిచి అరికాలు పైకి కనిపించేలా పట్టుకోండి. కాలిని పక్కకు లాగవద్దు, కుక్క భుజం, తుంటి అటువైపు తిరగవు, నొప్పి వల్లనే లాక్కుంటుంది. బొటనవేలు మెత్త మీద, చూపుడువేలు గోరు పైనున్న చర్మం మీద పెట్టి నెమ్మదిగా ఒత్తితే గోరు ముందుకు వస్తుంది. ఇంకొకరు ఉంటే తల దగ్గర కూర్చుని తినుబండారం పెట్టే పని వారికి అప్పగించండి. నలుగురు కలిసి కదలకుండా అదిమిపట్టడం మాత్రం వద్దు.

తెల్ల గోళ్లయితే ఎంతవరకు, ఏ కోణంలో కోయాలి?

లోపల గులాబీ రంగు ఎక్కడ ఆగిందో చూసుకుని దానికి సుమారు 2 మిల్లీమీటర్ల ముందే కోయండి. క్లిప్పర్‌ను గోటికి సుమారు 45 డిగ్రీల వాలులో పట్టుకుంటే కోసిన అంచు నేలకు సమాంతరంగా వస్తుంది. క్విక్ సరిగా కనిపించకపోతే ఫోన్ టార్చిని గోరు వెనుకనుంచి వేయండి, గులాబీ గీత తేటగా తెలుస్తుంది.

మా కుక్కకు అన్నీ నల్ల గోళ్లే, ఏమీ కనిపించదు. ఎలా?

ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం. నల్ల గోటి మీద టార్చి వేసినా ప్రయోజనం ఉండదు. ముందు గోరును అడుగువైపు నుంచి చూడండి. కొన దగ్గర గోరు సన్నగా, కింద గాడి పడ్డట్టు బోలుగా ఉంటుంది, మొదలువైపు వచ్చేసరికి నిండుగా, గుండ్రంగా మారుతుంది. ఆ బోలు భాగంలో క్విక్ ఉండదు, మొదట తీయాల్సింది దాన్నే.

తర్వాత ఒక్కో మిల్లీమీటరు చొప్పున పలచటి పొరలుగా కోస్తూ, కోసిన ప్రతిసారీ ఆ తెగిన ముఖాన్ని ఎదురుగా చూడండి. మొదటి పొరల్లో అది పొడిగా, సుద్దముక్కలా తెల్లగా పొడిపొడిగా కనిపిస్తుంది. ఇంకొంచెం పోయాక మధ్యలో బూడిదరంగు నీడ మొదలవుతుంది. ఆ నీడ నడుమ తడిగా, కాస్త మెరుస్తూ నల్లటి చుక్క తేలగానే ఆపేయాలి, దాని వెనకే క్విక్ ఉంటుంది. ఇంకో పొర తీయవచ్చేమో అనిపించినప్పుడు తీయకుండా ఉండడమే మంచిది, మిగిలింది వచ్చే వారం తీసుకోవచ్చు. అదే కుక్కకు ఒక్క తెల్ల గోరున్నా దాని క్విక్ పొడవును చూసి మిగిలిన గోళ్లకు ఒక అంచనా వేసుకోవచ్చు, అయితే ఆ అంచనా మీదే పూర్తిగా ఆధారపడకండి.

స్నానానికి ముందు తీయాలా, తర్వాతా?

గోళ్లు గట్టిగా, పెళుసుగా ఉంటే స్నానం తర్వాత తీయండి, నీటికి నాని మెత్తబడి చీలకుండా తెగుతాయి. పాదాలు బాగా తుడిచాకే మొదలుపెట్టాలి. గ్రైండర్ వాడేవారికి పొడి గోరే అనుకూలం.

ఒకే రోజు అన్ని గోళ్లూ పూర్తి చేయాలా?

అవసరం లేదు. ఇవాళ ఒక పాదం, రేపు ఇంకొకటి అనుకున్నా నాలుగు రోజుల్లో పని అయిపోతుంది. కుక్క విసుగు చూపించకముందే ఆపడం వల్ల తర్వాతి రోజు అది మీ దగ్గరికి భయపడకుండా వస్తుంది. ఎన్ని గోళ్లు తీశారన్నది ఏ గోటి దగ్గర మిగిలిందో గుర్తుంచుకోవడానికి తప్ప మరి దేనికీ లెక్కపెట్టకండి.

షిట్జూ, స్పిట్జ్ వంటి బొచ్చు కుక్కలకు గోరే కనిపించదు. ఏం చేయాలి?

పాత నైలాన్ సాక్సుకు గోరు పట్టేంత రంధ్రం చేసి పాదానికి తొడిగితే వెంట్రుకలు లోపల ఉండిపోయి గోరు మాత్రం బయటికి వస్తుంది. చేతిని కాస్త తడి చేసుకుని వెంట్రుకలను వెనక్కి దువ్వినా సరిపోతుంది. మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలను మొనలేని చిన్న కత్తెరతో మెత్తల మట్టానికి తీసేస్తే నేల మీద జారడం కూడా తగ్గుతుంది.

## రక్తం వస్తే, గీసుకుంటే

గోరు కోస్తుంటే రక్తం వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

కంగారుపడకండి, గట్టిగా అరవకండి, మీ గొంతు విని కుక్క ఇంకా బెదురుతుంది. శుభ్రమైన గుడ్డతో రక్తం తుడిచి, చిటికెడు స్టిప్టిక్ పొడిని గోటి కొనకు అద్ది, వేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి ఉంచండి. పొడి లేకపోతే కార్న్ ఫ్లోర్‌లోనో మైదాలోనో గోటి కొనను ముంచి అలాగే నొక్కండి. మంగలి షాపులో వాడే పటిక ముక్క తడిపి ఆనించినా రక్తం ఆగడానికి తోడ్పడుతుంది, కాస్త మండుతుంది. ఆగిందో లేదో అని ప్రతి పది సెకన్లకూ వేలు తీసి చూస్తే గడ్డకడుతున్నది కాస్తా ఊడిపోతుంది. ఆగాక కొన్ని గంటలపాటు పరుగులు పెట్టించవద్దు, బురదలోకి, మురికి చోటికి తీసుకెళ్లవద్దు.

కాఫీ పొడి, పసుపు పెట్టవచ్చా?

కాఫీ పొడి వద్దు. కుక్క ఆ పాదాన్ని నాకుతుంది, కెఫీన్ దానికి హాని చేస్తుంది. పసుపు పెట్టడం మన ఇళ్లలో అలవాటే, అయినా రక్తం ఆగేది ప్రధానంగా మీరు నొక్కి ఉంచడం వల్లనే. పొడి అతుక్కుని కొనను మూయడానికి కార్న్ ఫ్లోర్ మెరుగు.

పదిహేను నిమిషాలైనా రక్తం ఆగడం లేదు. ఇది మామూలేనా?

కాదు, గుడ్డతో నొక్కిపట్టి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. గోటి గాయానికి రక్తం ఎక్కువగా కనిపించినా మామూలుగా పది నిమిషాల లోపే ఆగాలి. ఆగడం లేదంటే రక్తం గడ్డకట్టే శక్తిలోనే లోపం ఉండవచ్చు. మన ప్రాంతంలో ఇందుకు ముందుగా అనుమానించాల్సింది పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌ను. ఎర్లిషియా అనే ఆ ఇన్‌ఫెక్షన్‌లో రక్తంలోని ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కుక్క కొన్నాళ్లుగా నీరసంగా ఉండి, తిండి తగ్గించి, చిగుళ్ల మీదో పొట్ట మీదో ఎర్రటి చుక్కలు కనిపిస్తుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఎలుకల మందు తిన్నా ఇలాగే జరుగుతుంది. డాబర్‌మన్ జాతిలో వాన్ విల్లెబ్రాండ్ అనే పుట్టుకతో వచ్చే లోపం కూడా ఎక్కువగా కనిపిస్తుంది.

ఒకసారి రక్తం వచ్చాక క్లిప్పర్ చూస్తేనే పారిపోతోంది.

కొన్ని రోజులు క్లిప్పర్‌ను బయటికి తీయకండి. పాదాలు తాకడం, తినుబండారం పెట్టడం మాత్రం కొనసాగించండి. తర్వాత క్లిప్పర్‌ను నేల మీద పెట్టి దాని పక్కనే ముక్కలు చల్లండి, అది తనంతట తానే దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టండి. క్లిప్పర్‌కు బదులు ఆకురాయి వాడితే తేలిగ్గా ఒప్పుకునే కుక్కలూ ఉన్నాయి.

గోళ్లు తీస్తుంటే కుక్క గోరు నాకు గీసుకుంది. రేబిస్ సూది వేయించుకోవాలా?

ముందు ఆ చోటును పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. సున్నం, కారం, ఆకు పసరు వంటివేవీ పూయవద్దు. రేబిస్ వైరస్ కుక్క లాలాజలంలో ఉంటుంది, కుక్కలు పాదాలు నాక్కుంటాయి కాబట్టి గోటి గీతను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ విభజన ప్రకారం రక్తం రాని చిన్న గీత రెండో వర్గంలోకి వస్తుంది, దానికి టీకా అవసరం. చర్మం తెగి రక్తం వస్తే మూడో వర్గం, టీకాతోపాటు వెంటనే రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ సూది కూడా ఇస్తారు. మీ కుక్క టీకా కార్డు తీసుకుని అదే రోజు డాక్టరును కలవండి. కుక్కకు టీకాలు క్రమం తప్పకుండా వేయించి ఉన్నా సూది కావాలో వద్దో నిర్ణయించాల్సింది డాక్టరే. ధనుర్వాతం సూది గురించి కూడా అప్పుడే అడగండి.

## ప్రత్యేక ఇబ్బందులు

కరవడానికి వస్తుంది. మూతికి గుడ్డ కట్టి తీయవచ్చా?

గుడ్డతోనో తాడుతోనో మూతి బిగించి కట్టడం ప్రమాదం. కుక్క ఒంట్లో వేడిని నోరు తెరిచి వగర్చడం ద్వారానే ఎక్కువగా తగ్గించుకుంటుంది. మన ఎండాకాలంలో మూతి బిగిస్తే వడదెబ్బ తగిలినంత పని అవుతుంది. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే ఊపిరాడదు, వాటికి అసలే కట్టవద్దు. పొడవు మూతి ఉన్న కుక్కకు నోరు తెరవడానికి వీలున్న బుట్ట ఆకారపు మజిల్, అంటే మూతి తొడుగు తెచ్చి, అందులో తినుబండారం వేసి రోజూ కాసేపు తొడుగుతూ అలవాటు చేయండి. నిజంగా కరిచే కుక్క గోళ్లను ఇంట్లో తీయాలన్న పంతం పట్టవద్దు.

నిద్రమాత్ర ఏదైనా ఇచ్చి పడుకోబెట్టి తీయవచ్చా?

మనుషుల నిద్రమాత్రలు ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకండి. భయం తగ్గించే మందులు కుక్కలకూ ఉన్నాయి, అయితే బరువు, వయసు, గుండె పరిస్థితి చూసి పశువైద్యుడే వాటిని రాయాలి. మరీ అవసరమైతే ఆసుపత్రిలో మత్తు ఇచ్చి అక్కడే తీస్తారు.

చాలా నెలలుగా తీయలేదు, క్విక్ కూడా పొడవుగా పెరిగిపోయింది. ఇక పొట్టిగా చేయలేమా?

చేయవచ్చు. క్విక్‌కు తగలకుండా దాని దగ్గరి దాకా వారానికోసారి కొద్దిగా తీస్తూ ఉంటే అది క్రమంగా వెనక్కి తగ్గుతుంది. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా పట్టవచ్చు. గట్టి నేల మీద నడిపించడం తోడైతే ఇంకా మంచిది, ఎండాకాలంలో మాత్రం రోడ్డు మెత్తలను కాలుస్తుంది కాబట్టి తెల్లవారుజామునే తీసుకెళ్లండి.

ముసలి కుక్క కాలు ఎత్తగానే మూలుగుతుంది. ఎలా తీయాలి?

మెత్తటి పరుపు మీద పక్కకు పడుకోబెట్టి, పాదాన్ని నేలకు రెండు మూడు అంగుళాల కంటే ఎత్తకుండా తీయండి. కీళ్లు పట్టేసిన కుక్కకు మోకాలు మడవడమే బాధ. నిద్ర లేచి కాసేపు అటూ ఇటూ నడిచాక కీళ్లు కొంచెం సడలుతాయి, ఆ సమయం చూసుకుని రెండేసి గోళ్లు తీసి వదిలేయండి. వయసుతోపాటు గోళ్లు పెళుసుబారతాయి కాబట్టి క్లిప్పర్ కంటే ఆకురాయి నయం. మూలుగు కొత్తగా మొదలైతే దానికి వైద్యం అవసరమని గుర్తించండి.

గోరు సగం విరిగి వేలాడుతోంది. లాగేయవచ్చా?

లాగవద్దు, నరం బయటపడి ఉంటుంది. శుభ్రమైన గాజుగుడ్డ వదులుగా చుట్టి, నాకకుండా చూస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లండి. నొప్పికి పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మన మాత్రలు ఇవ్వకండి, కుక్క కాలేయం, మూత్రపిండాలు, జీర్ణాశయం దెబ్బతింటాయి.

గోరు చుట్టూ వాచింది, చీము వస్తోంది. ఇంట్లో నయం చేయవచ్చా?

గోరువెచ్చని ఉప్పునీటితో కడిగి తుడవడం వరకే ఇంట్లో చేయదగినది. వాపు, చీము, దుర్వాసన ఉంటే డాక్టరు చూడాలి. ఒకే వేలు ఎన్ని మందులు వాడినా తగ్గకుండా వాస్తూ ఉంటే, ముఖ్యంగా నల్లటి ఒంటి రంగున్న పెద్ద జాతి కుక్కలో, గోటి మొదట్లో గడ్డ పెరుగుతోందేమో పరీక్షించాలి. అలాకాక వేర్వేరు కాళ్ల గోళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఊడిపోతుంటే అది రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన జబ్బు కావచ్చు, జర్మన్ షెపర్డ్‌లలో ఇది కనిపిస్తుంది. వానాకాలంలో పాదాలు ఎప్పుడూ తడిగా ఉండడం వల్ల వేళ్ల మధ్య ఫంగస్ పెరిగి ఎర్రబడడం మామూలుగా జరిగేదే, బయటినుంచి రాగానే వేళ్ల సందులు పొడిగా తుడిస్తే చాలావరకు తప్పుతుంది.

నా వల్ల కావడం లేదు. ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలి?

మీ పశువైద్యుడి దగ్గర చేయించవచ్చు. పట్టణాల్లో గ్రూమింగ్ సెంటర్లున్నాయి, కొందరు ఇంటికే వస్తారు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో కూడా కుక్కలకు వైద్యం చేస్తారు. ఎక్కడికి వెళ్లినా కుక్కను లోపలికి తీసుకెళ్లి తలుపు వేసేసే చోటు కంటే మిమ్మల్ని పక్కన ఉండనిచ్చే చోటును ఎంచుకోండి. ఒక గోరు మీ ఎదుటే కోసి చూపించమని అడగండి, ఎంత దగ్గరిదాకా కోశారో, పాదం ఎలా పట్టుకున్నారో గమనించండి. టీకా కార్డు వెంట తీసుకెళ్లడం, ఇంతకుముందు కరిచిన సందర్భం ఉంటే ముందే చెప్పడం మరవకండి.